పెదాల మీది మాట

మా నూలు మిల్లులో మాట వినపడదు. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఉంటుంది ఆ మిల్లు. నేను అందులో ఇరవై ఏడేళ్ళుగా రింగ్ ఫ్రేముల దగ్గర పని చేస్తున్నాను. రింగ్ ఫ్రేమంటే దూది పోగును దారంగా పేనే పొడవాటి మిషను. ఒక్కోదానికి వెయ్యి కదుళ్ళు. అలాంటి మిషన్లు హాలులో ముప్పై రెండు. అన్ని కదుళ్ళూ ఒక్కసారి తిరుగుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. చెవుల్లో పెట్టుకోమని స్పాంజి ముక్కలు ఇస్తారు. అవి పెట్టుకున్నా పెట్టుకోకపోయినా అయిదేళ్ళకి చెవులు కొంచెం పోతాయి, పదేళ్ళకి ఇంకొంచెం పోతాయి.

పోయిన చెవులకు బదులు మాకు కళ్ళు వస్తాయి. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టేస్తాం. దీన్ని ఎవరూ నేర్పరు. ఏడో ఏటో ఎనిమిదో ఏటో ఒకరోజు మిషన్ల అవతలి సందులో సుబ్బరత్నమ్మ తన కోడల్ని తిట్టుకుంటుంటే మాట మాటగా అందుతుంది. అంతే, వచ్చేసినట్టు. మా ఇంట్లో ఉర్దూ, మిల్లులో తెలుగు, పెదాల మీద నాకు రెండూ ఒకటే. చెప్పింది అందిందని ఎదుటివాళ్ళకి తెలియాలంటే చెవి తమ్మె ముట్టుకుంటాం. కూరల సంగతులు, కోడళ్ళ సంగతులు, ఎవరి మోకాళ్ళు ఎంత నొప్పో, అన్నీ ఇలాగే హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిపోతుంటాయి.

పైవాళ్ళకు ఇది తెలియదు. సూపర్‌వైజర్లు కాలేజీల్లో చదువుకుని వస్తారు, గాజు క్యాబిన్‌లో కూర్చుంటారు, రెండు మూడేళ్ళకు ఇంకో మిల్లుకు పోతారు. మా చేతుల వంక చూస్తారు గాని మా కళ్ళు ఎటు ఉన్నాయో చూడరు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే శ్రీకాంత్ చేసిన తప్పు ఇక్కడే ఉంది. నేను చేసిన తప్పూ ఇక్కడే ఉంది.

శ్రీదివ్య కిందటి సంక్రాంతి అయ్యాక మిల్లులో చేరింది. క్రోసూరు దగ్గర ఏదో పల్లె. డిగ్రీ రెండో ఏడు ఆపేసి, మిగతాది దూరవిద్యలో కట్టుకుని, మిల్లు హాస్టల్లో ఉండి పనికి వచ్చేది. పరీక్షలకు నరసరావుపేట వెళ్ళి రాసి రావాలి. ఇంటికి తిరిగి పోతే మిరపకాయ కోతలే గతి అని, డిగ్రీ చేతికొచ్చేదాకా ఈ ఉద్యోగం వదలనని మొదటి రోజే నాతో చెప్పింది. ఆ పిల్లను నాకు అప్పగించారు, పని నేర్పమని.

పని అంటే తెగిన పోగు అతకడం. కదురు బ్రేకును మోకాలితో నొక్కి ఆపి, దారం కొస వెతికి పట్టి, చిన్న తీగ కొక్కెంలోంచి లాగి, పైనుంచి దిగే పోగుకు వేలికొసతో అంటించి వదలాలి. మూడు సెకన్లలో అయిపోవాలి. షిఫ్టుకు ఎన్ని వందలసార్లో. అందుకే మా మిల్లులో పాత ఆడవాళ్ళందరికీ కుడి మోకాలు ముందు పోతుంది. శ్రీదివ్య వేళ్ళు చురుకైనవి. మొదటి వారం నెత్తురు కార్చుకుంది, నెలా పదిహేను రోజులకు నా అంత వేగంగా అతకడం మొదలుపెట్టింది. నన్ను పిన్నీ అని పిలిచేది. నాకు కూతురు లేదు. ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేదని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

శ్రీకాంత్ పొద్దుటి షిఫ్టు సూపర్‌వైజరు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. భూములున్న ఇంటి వాడు, వాళ్ళ బాబాయి ఊళ్ళో పార్టీ పనులు చూస్తాడు. మనిషి గట్టిగా మాట్లాడడు, ఎవర్నీ తిట్టడు. రంజాన్ పండగ సెలవు పెట్టి నేను తిరిగి పనిలోకి వచ్చిన సోమవారం, శ్రీదివ్య ఇరవయ్యో నంబరు మిషను సందులో వంగి పోగు అతుకుతుంటే అతను వెనకగా వచ్చి నిలబడ్డాడు. సందుకు అడ్డంగా మిషను మీద చెయ్యి పెట్టాడు. ఆమె చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. నేను రెండు సందుల అవతల ఉన్నాను. అతని మొహం నా వైపే ఉంది.

ఆ మాట నాకు అందింది. ఇక్కడ రాయను. ఆడపిల్ల ఒంటి గురించి మగవాడు అనకూడని మాట అని తెలిస్తే చాలు. ఆ పిల్ల దారం కొస జారవిడిచింది. అతను నవ్వి వెళ్ళిపోయాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు, ఆ పై వారం మళ్ళీ వచ్చాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడలేదనుకుంటుందట. ఇతను కళ్ళు మూసుకోలేదు, మోతను నమ్ముకున్నాడు. హాలులో పాతవాళ్ళం ఎనిమిది మందిమి ఉన్నాం. ఎనిమిది మందిమీ చూశాం. ఒకరి వంక ఒకరం చూసుకుని తలలు దించుకునేవాళ్ళం. ఎవరి చెయ్యీ చెవి దగ్గరికి పోలేదు. అందిందని ఎవరం ఒప్పుకోలేదు.

నేనెందుకు ఊరుకున్నానో కూడా చెబుతాను. పదిహేనేళ్ళ కింద ఒక మేస్త్రీ గురించి ఇలాగే నోరు తెరిచాను. మేస్త్రీ పనిలోనే ఉన్నాడు, అతను ఏడిపించిన పిల్లే పని మానేసి పోయింది. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని అప్పుడు సుబ్బరత్నమ్మ నాకు నచ్చజెప్పింది. ఇది చెప్పుకోవడానికి బాగుండే కారణం. బాగుండని కారణం ఇంకొకటి ఉంది. ఆ మార్చిలోనే శ్రీకాంత్ నా మోకాలు చూసి, నడక తక్కువగా ఉండే తలుపు పక్క రెండు మిషన్లు నాకిచ్చాడు. అక్కడ గోడకు ఒక ఇనుప స్టూలు వేయించాడు. పోగులు తెగనప్పుడు కూర్చో కుల్సుమమ్మా, అన్నాడు. ఇరవై ఏడేళ్ళలో మిల్లు లోపల నేను కూర్చోవడం అదే మొదలు. ఆ స్టూలు మీద కూర్చునే నేను అతని పెదాలు చూశాను.

జులై వచ్చేసరికి శ్రీదివ్య చేతులు పాడయ్యాయి. దారం కొస దొరకదు, దొరికితే అతకదు, వెనక నీడ కదిలితే ఉలిక్కిపడుతుంది. ఆమె మిషన్లలో తెగిన పోగులు వేలాడుతుండేవి. పనిలో అశ్రద్ధ అని శ్రీకాంత్ ఒక మెమో ఇచ్చాడు, పది రోజులకు ఇంకొకటి ఇచ్చాడు. మూడోది ఇస్తే పనిలోంచి తీసేస్తారు. ఆ మూడోది రాకుండా చూసుకోవాలంటే ఏం చెయ్యాలో కూడా అతనే ఆమెకు చెప్పాడు. అదీ నాకు అందింది.

ఆ రోజు షిఫ్టు దిగాక చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర శ్రీదివ్య నన్ను ఆపింది. తల నిండా దూది నూగు, ఇద్దరం ముసలమ్మల్లా ఉన్నాం. ఇంటికి పోతున్నానని చెప్పింది. ఎందుకని అడిగాను, తెలియనట్టు. సగం సగం చెప్పింది, మాటలు మింగేసి చెప్పింది. అంతా అయ్యాక మొహం కడుక్కుని, నీళ్ళు తుడుచుకోకుండానే అంది.

"ఒకటే నయం పిన్నీ. ఆ మోతలో ఎవరికీ వినపడలా. నువ్వన్నా, సుబ్బరత్నమ్మత్తన్నా అయ్యి విని ఉంటే నేను మీ మొహాలు చూడలేకపోదును."

"ఎవరికి వినపడుద్దిలే" అన్నాను నేను.

ఆ అబద్ధం ఆడినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంటికి వెళ్ళాక మా ఆయన రహీమ్ ఏమైందని అడిగాడు. ఆయన లారీలు బాగుచేసే మెకానిక్కు, నా చెవుల సంగతి తెలిసి ఎప్పుడూ నా ఎదురుగా నిలబడి మాట్లాడతాడు. మోకాలు నొప్పని చెప్పాను. ఆ రోజుకు నా అబద్ధాలు రెండయ్యాయి.

మర్నాడు ఆమెను వెళ్ళనివ్వలేదు. పోతే నువ్వే తప్పు చేసి పోయావంటారు, ఉండి కాగితం రాయి అని చెప్పాను. ఎవరికి రాయాలో నాకు తెలుసు. నాలుగేళ్ళ కింద ఒకసారి మమ్మల్నందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, పనిచేసే చోట ఆడవాళ్ళను వేధిస్తే చట్టం ఏమంటుందో గంటసేపు తెర మీద బొమ్మలు వేసి చూపించారు. చల్లగా ఫ్యాన్లు తిరుగుతుంటే అందరూ నిద్రపోయారు. నాకు మోకాలు సలిపి నిద్ర పట్టలేదు కాబట్టి నేను చూశాను. ప్రతి మిల్లులో ఒక కమిటీ ఉండాలి, దానికి ఆడమనిషి పెద్దగా ఉండాలి, బయటి మనిషి ఒకరుండాలి, జరిగిన మూడు నెలల లోపు రాసివ్వాలి. గేటు దగ్గర బోర్డు మీద ఆ కమిటీ పేర్లు రాసి ఉన్నాయి. మొదటి పేరావిడ పెళ్ళి చేసుకుని మిల్లు వదిలి రెండేళ్ళయింది.

క్యాంటీన్ బల్ల మీద శ్రీదివ్య నోటు పుస్తకంలో రాసుకుంటూ పోయింది. మంచి చేతిరాత. ఏం జరిగిందో రాసింది గాని ఎప్పుడు జరిగిందో గుర్తు లేదంది. అన్ని రోజులూ ఒకేలా ఉన్నాయి పిన్నీ, అంది.

నాకు ఊరుకోవడం చేతకాలేదు. "ఒకసారి జూన్ నెల్లో, కరెంటు పోయి మిషన్లు మళ్ళీ ఎత్తుకున్న రోజు. నువ్వు ఇరవై రెండో నంబరు మీద ఉన్నావు" అన్నాను.

ఆమె పెన్ను ఆగింది. "నీకెట్టా తెలుసు?"

"ఆ రోజు నీ మొహం అట్టా ఉంది, అందుకని గుర్తుంది" అన్నాను. మూడో అబద్ధం. ఆమె నా వంక చూసి, ఆ తేదీ రాసుకుంది.

కాగితం తీసుకుని ఇద్దరం ఆఫీసుకు వెళ్ళాం. మనుషుల వ్యవహారాలు చూసే అధికారి బెంజిమిన్ గారు మంచివాడే, భయస్థుడు. కాగితం మొదటి పేజీ చదివి చెమటలు తుడుచుకున్నాడు. కమిటీ మళ్ళీ వెయ్యాలి, వచ్చే నెల చూద్దాం, ఈలోగా శ్రీకాంత్ బాబుకు తాను చెబుతానన్నాడు. పిల్లను వేరే షిఫ్టుకు మారుస్తానన్నాడు. శ్రీదివ్య సరేననబోయింది. నేను అడ్డం పడ్డాను. షిఫ్టు మారాల్సింది ఎవరో ఆలోచించండి, మీకు కుదరకపోతే నరసరావుపేట కలెక్టరాఫీసులో కూడా ఇలాంటి కమిటీ ఉంది, ఆదివారం కాకుండా ఏ రోజైనా తీసుకుంటారు, మేమిద్దరం బస్సెక్కుతాం అన్నాను. అంత మాట ఆ గదిలో నేను ఎప్పుడూ అనలేదు.

బయటకు వచ్చాక శ్రీదివ్య నా చెయ్యి పట్టుకుని, నువ్వున్నావని ధైర్యంగా ఉంది పిన్నీ అంది. నేను మెట్లు దిగడానికి ఆ చెయ్యి పట్టుకున్నాను. అంత అలసట ఎప్పుడూ లేదు.

తొమ్మిదో రోజున కమిటీ కూర్చుంది. ఆఫీసులో లెక్కలు చూసే మేడం పెద్ద. పక్కన బెంజిమిన్ గారు, పనివాళ్ళ తరపున సుబ్బరత్నమ్మ. బయటి మనిషిగా నరసరావుపేట నుంచి భార్గవి గారని ఒక లాయరమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, బస్సులో వచ్చింది, చీర అంచుకు మట్టి ఉంది. ఆమె శ్రీదివ్యను ఒక పక్కన కూర్చోబెట్టి, భయమైతే అతను లేనప్పుడు చెప్పొచ్చంది. శ్రీదివ్య, ఆయన ముందే చెబుతానంది. నన్ను తోడుగా రానిచ్చారు. నేను తోడుగానే వెళ్ళాను. కాగితం చాలుననుకున్నాను. నా నోటితో చెప్పాల్సింది ఏమీ ఉండదని, అల్లా దయ వల్ల గండం గట్టెక్కుతుందని నాకు ఒక ఆశ.

శ్రీదివ్య చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. మాటలు మాత్రం మింగేసింది, అసభ్యంగా అన్నాడని మాత్రమే అంది.

శ్రీకాంత్ అంతా విని చాలా మర్యాదగా మాట్లాడాడు. పని సరిగా లేకపోతే దగ్గరికి వెళ్ళి చెప్పానన్నాడు. ఆ మోతలో చెవి దగ్గరికి వంగకపోతే ఎవరికీ వినపడదు, అందరు సూపర్‌వైజర్లూ అలాగే చెబుతారు, అడగండి అన్నాడు. మెమోలు ఇచ్చానన్న కోపంతో పిల్ల ఏదో అంటోందన్నాడు.

"నేను అన్నాననుకోండి మేడం. విన్నదెవరు? నలభై మంది ఉంటారు హాల్లో. ఒక్కరంటే ఒక్కర్ని విన్నామని చెప్పమనండి."

భార్గవి గారు శ్రీదివ్య వంక చూసింది. శ్రీదివ్య తల అడ్డంగా ఊపింది. "ఎవరూ వినలేదండి" అంది చిన్నగా. అది ఆమెకు ఒకప్పుడు ఊరట. ఇప్పుడు అదే ఆమె మెడకు చుట్టుకుంది. అందరి కళ్ళూ కాగితాల మీదికి దిగాయి. పదిహేనేళ్ళ కింద కూడా సరిగ్గా ఇలాగే దిగాయి, నాకు గుర్తుంది.

సుబ్బరత్నమ్మ నా వంక చూసింది. నేను ఆమె వంక చూశాను. నేను చెబితే శ్రీదివ్య ఉద్యోగం నిలుస్తుందేమో. నేను చెబితే ఈ పిల్ల ఇక నా మొహం చూడదు. ఆ రెండూ నాకు ఒక్కసారే తెలిశాయి.

"నేను విన్నాను" అన్నాను.

శ్రీకాంత్ నవ్వాడు. "ఎక్కడున్నావు కుల్సుమమ్మా నువ్వు? తలుపు దగ్గర. ఆమె ఇరవయ్యో నంబరు దగ్గర. నీకు చెవులు కూడా సరిగా వినపడవు కదా."

"చెవులతో కాదు" అని, మేమెలా మాట్లాడుకుంటామో చెప్పాను. బెంజిమిన్ గారు నమ్మలేదు. లెక్కల మేడం ఆశ్చర్యపోయింది, పన్నెండేళ్ళుగా ఆ మిల్లులోనే ఉండి ఆమెకూ తెలియదు. భార్గవి గారు మాత్రం లేచి, పదండి హాల్లోకి, చూద్దాం అంది.

అందరం వెళ్ళాం. మోత మొదలైంది. భార్గవి గారు ఒక చీటీ మీద ఏదో రాసి మడిచి బెంజిమిన్ గారి చేతికిచ్చి, సందు ఆ చివరకు నడిచింది. నేను తలుపు దగ్గర స్టూలు పక్కన నిలబడ్డాను. ఆమె అక్కడి నుంచి, మామూలుగా పక్క మనిషితో అన్నట్టు, పెదాలు కదిపింది. మిల్లు మాట కాదు, కొత్త పెదాలు, మొదట నాకు సగమే అందింది. ఇంకోసారి అనమని చెయ్యి ఊపాను. రెండోసారి మొత్తం వచ్చింది. బయటకు వచ్చాక చెప్పాను, పొద్దున బస్సు దిగుతుంటే ఎడమ చెప్పు తెగింది, మీ గేటు ముందు కుట్టించుకున్నాను అన్నారు మీరు, అని. బెంజిమిన్ గారు చీటీ విప్పి చదివి, అందరికీ చూపించాడు. శ్రీకాంత్ ఆ చీటీ చూడలేదు. హాలులోకి, ముప్పై రెండు మిషన్ల వైపు చూశాడు. అక్కడ అన్ని సందుల్లో ఆడవాళ్ళు అతని వంకే చూస్తున్నారు. ఎన్ని కళ్ళు తనను విన్నాయో అప్పుడు అర్థమైనట్టుంది.

మళ్ళీ గదిలో కూర్చున్నాక భార్గవి గారు కలం తీసింది. అతను ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి, రికార్డు అవ్వాలి అంది. చెప్పాను. యాభై ఆరేళ్ళ నోటితో ఆ మాటలు ఒక్కొక్కటిగా, రోజు రోజుగా చెప్పాను. శ్రీదివ్య మింగేసిన మాటలన్నీ నా నోట్లోంచి బయటకొచ్చాయి. గోడ వంక చూస్తూ చెప్పాను.

"మొదటిసారి మీరు చూసింది ఎప్పుడు?" అని అడిగింది భార్గవి గారు.

అడగకుండా ఉంటే బాగుండును. ఆమె తప్పేం లేదు, అడగాల్సిందే.

"రంజాన్ అయ్యాక నేను పన్లోకొచ్చిన సోమవారం" అన్నాను. "ఏప్రిల్ నెల."

శ్రీదివ్య లెక్కపెట్టుకుంటోంది. ఏప్రిల్, మే, జూన్, జులై. నేను ఆమె వైపు తిరగలేదు, కాని తిరగకపోయినా తెలిసింది. తర్వాత సుబ్బరత్నమ్మ, నేను కూడా చూశాను, నాది మే నెల అంది. అయితే మీరు కమిటీలో కూర్చోకూడదు, సాక్షిగా చెప్పండి అని భార్గవి గారు ఆమెను ఇటు పక్కకు పంపింది. సాయంత్రానికి మిగతా ఆరుగురూ వచ్చి చెప్పారు. ఒక్కొక్కరు ఒక్కో తేదీ. ఒక్కో సాక్షి వచ్చినప్పుడల్లా శ్రీదివ్య కేసు గట్టిపడింది, ఆ పిల్ల ఇంకొంచెం కుంగిపోయింది. చివరావిడ చెప్పేసరికి ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

శ్రీకాంత్‌ను నెలలోపే తీసేశారు. వాళ్ళ బాబాయి ఫోన్లు చేయించాడని విన్నాం, కాగితం మీద ఎనిమిది మంది సాక్ష్యం ఉండేసరికి ఎవరూ కదిలించలేకపోయారు. మెమోలు రెండూ కొట్టేశారు. ఇంకో ఊళ్ళో ఏదో మిల్లులో చేరాడని ఈ మధ్య తెలిసింది. అక్కడి ఆడవాళ్ళకు కళ్ళున్నాయో లేదో.

కొత్త సూపర్‌వైజరు వచ్చిన రోజునే స్టూలు తీయించాడు, రూల్సులో లేదని. నన్ను మళ్ళీ చివరి మిషన్లకు వేశాడు. రోజుకు ఎన్ని మైళ్ళు నడుస్తానో నాకే తెలియదు. మోకాలికి పట్టీ కట్టుకుని వెళ్తున్నాను. ఫిర్యాదేం లేదు. నడవాల్సిన నడకే అనుకుంటున్నాను.

శ్రీదివ్య ఉద్యోగం నిలబడింది. పరీక్ష రాసి వచ్చింది. చేతులు మళ్ళీ చురుగ్గా కదులుతున్నాయి. నాతో మాత్రం మాట్లాడడం మానేసింది. క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల వదిలి ఇంకో బల్లకు పోయేది. ఒకరోజు కుళాయిల దగ్గర నేనే ఆపాను. తప్పు చేశానమ్మా, క్షమించు అన్నాను. సాకులేమీ కలపలేదు. స్టూలు సంగతి కూడా చెప్పాను.

ఆమె చేతులు కడుక్కోవడం పూర్తి చేసింది. "చూసినప్పుడు చెప్పలా, సరే, భయం అనుకుంటా. కాయితం రాయిచ్చేటప్పుడు నా పక్కన కూర్చుని కూడా చెప్పలా నువ్వు" అంది. "నేను ఒక్కదాన్నే అనుకుని నాలుగు నెలలు ఏడ్చా పిన్నీ. ఎనిమిది మంది ఉన్నారు."

పిన్నీ అనడం మానలేదు. అంతకు మించి నేనేమీ ఆశించలేదు, ఆశించే మొహం కూడా లేదు. నాకు ఏడుపు వచ్చింది, మొహం మీద నీళ్ళు చల్లుకున్నాను.

కిందటి వారం కొత్త పిల్ల ఒకతి చేరింది. నడికుడి అమ్మాయి, పద్దెనిమిది నిండాయో లేదో, మోతకు భయపడి రెండు చేతులతో చెవులు మూసుకుంటోంది. పని నేర్పమని ఆమెను శ్రీదివ్యకు అప్పగించారు. నేను చివరి సందులో ఉన్నాను. వాళ్ళు ఇరవయ్యో నంబరు దగ్గర ఉన్నారు. శ్రీదివ్య కదురు బ్రేకు మీద మోకాలు పెట్టి చూపించింది, దారం కొస పట్టి చూపించింది. తర్వాత ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, తల ఎత్తి, నా వైపు తిరిగి నిలబడింది.

చెవి దగ్గరికి వంగి అరవలేదు. నా మొహంలోకి చూస్తూ, చిన్నపిల్లలకు చెప్పినట్టు నిదానంగా, ఒక్కో మాటా తేటగా పెదాల మీద పెట్టి చెప్పింది. పక్కనున్న పిల్లకు అందులో ఒక్క ముక్క కూడా వినపడి ఉండదు.

"ఇక్కడ ఎవడన్నా నిన్ను ఏదన్నా అంటే, ఎవరికీ వినపడలా అనుకోమాక. అందరికీ వినపడుద్ది. తెలీనట్టు ఉంటారు. నువ్వే పోయి మొహం మీద అడుగు."

చెప్పి, కదలకుండా నిలబడింది. నా కోసమే నిలబడింది. నా ముందు మిషనులో నాలుగు పోగులు తెగి వేలాడుతున్నాయి. వంగి వాటి పని చూసుకుంటే సరిపోయేది. ఆ నాలుగు నెలలూ నేను చేసిందదే.

చెయ్యి ఎత్తి చెవి ముట్టుకున్నాను.